తిరగేసి చూడనిదే నమ్మని ఖాజా భాయ్

మా సోఫాల వర్క్‌షాప్‌లో తోలు పరీక్షించి కోసే ఖాజా భాయ్ పోయిన వారం చనిపోయాడు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఆయన రూమ్మేట్ ఫోన్ చేసి, పొద్దున నమాజుకు లేపితే లేవలేదని చెప్పాడు. నేను నమ్మలేదు. "ఇంకోసారి చూడు" అన్నాను. పదకొండేళ్లు ఆయన పక్కన పనిచేసిన అలవాటు అది.

సంతాప సభలో ఆయన్ను మచ్చలేని మనిషి అన్నారు. ఆ మాట ఆయనకు నచ్చేది కాదు. "మచ్చ లేదంటేనే నాకు శక్ వస్తది గంగాధర్. బతికిన పశువుకు ముల్లు గీరదా, దోమ కుట్టదా? అన్ని రుద్దేసి మీద అచ్చు కొట్టిన్రు" అనేవాడు. సహజమైన పైపొర ఉన్న తోలు, రుద్ది అచ్చు వేసిన తోలు, కింది పొరకు ప్లాస్టిక్ పూసింది, తోలు పొడిని జిగురుతో అతికించింది, అన్నీ పైకి ఒకేలా ఉంటాయి. ఆయన బిల్లు చదివేవాడు కాదు. తిరగేసి, అంచును గోటితో విప్పి చూసేవాడు.

రెండేళ్ల కిందట అల్ తుమామాలో ఒక విల్లాలో అతిథులు కూర్చునే మజ్లిస్ గది కోసం ఖరీదైన తోలు వచ్చింది. ఆ రోజు ఆయన సెలవు, స్టోర్ తాళం నా దగ్గర. మరునాడు రెండు తోళ్లు పక్కపక్కన పరిచాడు. రెండింటి మీదా ఒకే గీత, ఒకే చోట. అంటే అచ్చు వేసిన తోలు.

"మార్చినవా?"

"నేనా, భాయ్?"

"తాళం నీ దగ్గర్నే ఉండె కద."

"అవ్, బియ్యం బస్తల దాచుకున్న. వచ్చి నా మంచం కింద చూడు."

ఆయన నవ్వలేదు. నిజంగానే వచ్చి చూశాడు.

మేనేజర్ చెవిన పడితే నన్ను వీసా రద్దు చేసి ఇంటికి పంపేవారు. మూడు రోజులు ఖాజా భాయ్ నాతో కలిసి తినలేదు. నాలుగో రోజు అదే సరుకులో సీలు విప్పని తోలు చుట్టను అందరి ముందు కోశాడు. అందులోనూ అదే అచ్చు. "సరుకే దొంగది" అని మేనేజర్‌కు చెప్పాడు. అప్పటిదాకా నా మీద అనుమానాన్ని ఎవరి దగ్గరా బయటపెట్టలేదని నాకు ఆ రోజే తెలిసింది. కానీ నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. తప్పయిందని ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను.

ఖననం దగ్గర, అల్ ఖోర్‌లో డ్రైవర్‌గా ఉన్న ఆయన తమ్ముడు అందరినీ అడిగాడు: "మా అన్న ఎవ్వల మనసన్న నొప్పిస్తె మాఫ్ చెయ్యుండ్రి." అందరూ వెంటనే చేశామన్నారు. నేను అనలేదు. అడగాల్సినవాడు అడగలేదన్న పట్టింపు.

జనం కదిలాక అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "గంగాధర్ అంటే నువ్వేనా? 'వానికి చెప్దామంటే నోరు రాదురా' అనేటోడు అన్న."

ఖాజా భాయ్ నిజంగా అలా అన్నాడో, నా మొహం చూసి తమ్ముడు కల్పించాడో తెలియదు. అలాంటివి తేల్చగల ఒక్క మనిషి లేకుండా పోయాడు.

తేల్చకుండానే మాఫ్ చేశాను.