తోమని పతకం

మా క్రాగ్‌ఫోల్డ్‌లో అంబ్రోజ్ థ్వెయిట్ మీద కోపం రాని మనిషంటూ లేడు. నాకైతే రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మా అమ్మమ్మ పతకం గురించి. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లు నిండినప్పుడు మా ఊరి మేయరు బడిపిల్లలందరికీ తలా ఒక పతకం, ఒక బన్ను, ఒక కప్పు టీ ఇచ్చాడు. అమ్మమ్మ ఆ పతకాన్ని పోయేదాకా సొరుగులో దాచుకుంది. నేను దాన్ని రుమాల్లో చుట్టి ఎంతో అపురూపంగా పట్టుకెళ్తే, అంబ్రోజ్ భూతద్దం కంటికి ఆనించి అటూ ఇటూ తిప్పి, "అరిగింది. అంచు చితికింది. బెజ్జం వంకర," అన్నాడు. ఒక మంచిమాట కలిపితే ఆయన సొమ్మేం పోయేదో! మొహం మాడ్చుకుని లేవబోయాను. అప్పుడు దాన్ని నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూశాడు.

"మేకు పెట్టి కొట్టిన బెజ్జం ఇది, మేవిస్. పిల్ల మెడలో వేసుకుంటానని పేచీ పెడితే వాళ్ల నాన్న కొట్టుంటాడు. ఎవరికీ ఇవ్వకు."

ఇక ఆ మనిషిని తిట్టుకోవాలో మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నలభై ఏళ్లు ఉన్ని మిల్లులో గొర్రె బొచ్చు వేరుచేసిన చేతులు ఆయనవి. ఉత్తరపు కిటికీ వెలుగులో నిలబడి, బొచ్చుని వేళ్ల మధ్య నలిపి, ఇది మొదటి రకం, ఇది మూడో రకం అని గంపల్లోకి విసిరేవాడు. ఆ గొర్రె జిడ్డుకి ఆయన అరచేతులు పసిపిల్లల చేతుల్లా మెత్తగా ఉండేవి. నోరు మాత్రం గరుకు. మూడో రకాన్ని రెండో రకం అనమని మిల్లు యజమాని స్వయంగా వచ్చి అడిగినా అనలేదట. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా, ఎదుగూ బొదుగూ లేకుండా అదే కిటికీ దగ్గర రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. చేసుకునుంటే ఆ పిల్ల ఒక్కసారి కొత్త గౌను వేసుకుని ఎలా ఉన్నానని అడిగేది, అంతటితో సరి.

మా ప్రార్థనామందిరం వెనక హాలు తాళాలు నా దగ్గరుంటాయి. నెలకో శనివారం మధ్యాహ్నం పతకాల క్లబ్బువాళ్లు అక్కడ చేరతారు. ఎనిమిదిమంది ముసలివాళ్లు, ఎనిమిది కప్పుల టీ, ఒక పళ్లెం అల్లం కేకు. పార్కు తెరిచినప్పుడు పంచినవీ, కొత్త నీళ్లు కుళాయిల్లోకి వచ్చినప్పుడు పంచినవీ, పెద్ద యుద్ధం ముగిశాక పంచినవీ, అన్నీ ఆ బల్ల మీదికొస్తాయి. ఎడ్వర్డు రాజు పట్టాభిషేకం ముందురోజుల్లో ఆయన కడుపులో చీము పట్టి పండగ వాయిదా పడింది కదా, అయినా మా ఊళ్లో పాత తేదీ వేసిన పతకాలే పిల్లలకి ఇచ్చేశారు, బన్నులు పాడైపోతాయని. ఆ తప్పు తేదీ పతకమంటే వీళ్లకి ప్రాణం.

వీళ్ల మతంలో మహాపాపం ఒక్కటే. పతకాన్ని తోమకూడదు. కంచు మీద ఆ గోధుమరంగు పొర పట్టడానికి నూరేళ్లు పడుతుంది. పాలిష్ గుడ్డ పెట్టి రుద్దితే ఒక్క నిమిషంలో పోతుంది, దాంతోపాటు రాణిగారి కనుబొమలూ పోతాయి, మళ్లీ ఏం చేసినా రావు. ఒకసారి ఎవరో పక్కూరాయన తళతళలాడే పతకం తెచ్చి గొప్పగా చూపిస్తే, "మీ అవ్వ మొహం మీద ముడతలు కూడా ఇస్త్రీ చేశావా?" అని అడిగాడు అంబ్రోజ్. ఆ పక్కూరాయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

పతకం ఎలా ఉందో తేల్చి చెప్పే పని క్లబ్బులో అంబ్రోజ్‌ది. ఆయన 'బాగుంది' అంటే జిల్లా మొత్తం కళ్లు మూసుకుని ఒప్పుకునేది. ఆ పేరు తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు. పక్క కుర్చీలో ముప్పై ఏళ్లు కూర్చున్న స్నేహితుడు హెర్బర్ట్ గ్రిమ్‌షా విషయంలోనూ అంతే. హెర్బర్ట్ ఎన్నాళ్లో వెతికి సంపాదించిన టౌన్‌హాలు పతకాన్ని చూసి, ఇది తర్వాత పోతపోసిన నకలు అని పదిమందిలో తేల్చేశాడు. హెర్బర్ట్ రెండేళ్లు మాట్లాడలేదు. మూడో ఏడు వచ్చి అదే కుర్చీలో కూర్చుని, మిగతావాళ్ల మాట నమ్మబుద్ధి కావట్లేదు, అందుకని వచ్చానన్నాడు.

ఆ హెర్బర్ట్ ఒక ఫిబ్రవరిలో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు పోగుచేసిన నలభై మూడు పతకాలు మిగిలాయి, అన్నీ మా ఊరివే. వాటిని ఊరి గ్రంథాలయంలో అద్దాల బీరువాలో పెట్టించాలని ఆయన కోరిక. గ్రంథాలయం కమిటీ సరేనంది, ఒక్క షరతు మీద. పాడైనవాటికి చోటు లేదు, ప్రతి పతకమూ ఎలా ఉందో అంబ్రోజ్ థ్వెయిట్ జాబితా రాసి సంతకం పెట్టాలి.

ఏప్రిల్ శనివారం హెర్బర్ట్ భార్య ఎల్సీ పెట్టె పట్టుకుని వచ్చింది. నల్ల కోటు, చేతులకి తొడుగులు, మొహంలో పెళ్లికి వచ్చినంత కళ. పెట్టె మూత తీసింది.

నలభై మూడు పతకాలూ కొత్త చెంచాల్లా మెరిసిపోతున్నాయి.

కార్యదర్శి పెర్సీ డకెట్ టీలో చెంచా తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. ఎల్సీని నేను తప్పుపట్టలేను. మా వీధిలో శుక్రవారం తలుపు ఇత్తడి తోమని ఆడదాన్ని ఆడదానికింద లెక్కవెయ్యరు. గుమ్మం మెట్టు సుద్దరాయితో రుద్దకపోతే పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకుంటారు. అలాంటి మనిషి తన మొగుడి సొత్తుని మసకమసకగా పదిమంది ముందు పెడుతుందా? అయిదు రోజులు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆయన పాత బనియను చింపి, సందుల్లోకి పళ్లకుంచె పెట్టి మరీ తోమానని సంబరంగా చెప్పింది. ఆయన ఉన్నన్నాళ్లూ వీటిమీద నా చెయ్యి పడనివ్వలేదు, నాకు పని పెరుగుతుందని కాబోలు అంది.

తర్వాత అంబ్రోజ్ వైపు తిరిగింది.

"నీ మాట ఒక్కటే మాటని మా ఆయన అంటుండేవాడు. ఎలా ఉన్నాయి అంబ్రోజ్?"

నిజం రాస్తే గ్రంథాలయం తీసుకోదు. హెర్బర్ట్ ముప్పై ఎనిమిదేళ్ల కష్టం మళ్లీ మంచం కిందికి పోతుంది. అదైనా నయం. దాన్ని అయిదు రోజుల్లో తన చేతులతోనే నాశనం చేశానని ఈమెకి తెలుస్తుంది. అబద్ధం రాస్తే అంబ్రోజ్ దగ్గర ఇంకేం మిగలదు.

ఆయన భూతద్దం తీశాడు. ఒక్కొక్కటే అంచులు పట్టుకుని పైకెత్తి, రెండువైపులా చూసి, కింద పెట్టి, రాశాడు. పూర్తిగా గంటన్నర పట్టింది. టీ చల్లారింది, కేకు ఎవరూ ముట్టలేదు. చివర సంతకం పెట్టి కాగితం ఎల్సీ చేతికిచ్చాడు. నేను ఆమె భుజం మీదుగా చూశాను. బాగుంది, బాగుంది, బాగుంది. నలభై మూడుసార్లు, ఒకే చేతిరాత.

"హెర్బర్ట్ వీటిని ప్రాణంలా చూసుకున్నాడు. నువ్వూ అంతే," అన్నాడు.

ఆమె ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక అంబ్రోజ్ భూతద్దాన్ని బల్ల మీద పెర్సీ ముందుకి తోశాడు. పెర్సీ వద్దన్నాడు. మిగతావాళ్లూ వద్దన్నారు, ఇది తప్పు కిందికి రాదని బతిమాలారు. ఆయన వినలేదు.

"ఒక్కసారి దొంగతూకం తూచిన త్రాసు మళ్లీ త్రాసు కాదు. ఇకనుంచి నువ్వు చూడు," అన్నాడు.

ఇదీ నాకు ఆయన మీద కోపం వచ్చిన రెండోసారి. నెలనెలా వచ్చి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బల్ల వైపు చూడకుండా కూర్చునేవాడు. ఎవరైనా పతకం చూపిస్తే పెర్సీని అడగమనేవాడు. పెర్సీ సంగతి చెప్పాలా, ఆయనకి అన్నీ బ్రహ్మాండమే, సీసా మూత చూపించినా బ్రహ్మాండమే అంటాడు. క్లబ్బు కళ తప్పిపోయింది. జూన్‌లో గ్రంథాలయంలో బీరువా తెరిచారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి ఆ మెరుపు చూసి మురిసిపోయారు. అంబ్రోజ్ గుమ్మం దగ్గరే నిలబడి టోపీ నలుపుకుంటూ ఉండిపోయాడు.

ఎల్సీ అప్పటినుంచి శనివారాలు టీ పనిలో నాకు సాయానికి వచ్చేది. సెప్టెంబరులో ఇద్దరం కప్పులు కడుగుతుంటే, అంబ్రోజ్ పతకాలు చూడటం ఎందుకు మానేశాడని అడిగింది. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఐదు నెలలు ఎలా నానబెట్టానో నాకే తెలియదు. కళ్లు ఆనడంలేదట అని గొణిగాను. అబద్ధమాడితే నా మెడ ఎర్రబడుతుంది, అదో శని.

ఆమె తడిచేతులు తుడుచుకుని, సంచీలోంచి హెర్బర్ట్ నోటుపుస్తకం తీసి మొదటి పేజీ చూపించింది. పెద్ద అక్షరాలతో రాసుంది, ఎప్పుడూ తోమకూడదు, అంబ్రోజ్ తల తీస్తాడు అని.

"జాబితా రాసిచ్చిన మరుసటి ఆదివారమే దొరికింది. ఆ రాత్రి నేను పడ్డ ఏడుపు దేవుడికెరుక, మేవిస్. అబద్ధమని తెలిసీ బీరువాలో పెట్టనిచ్చాను. ఆయన కోరిక కదా."

"మరి అంబ్రోజ్‌కి చెప్పొచ్చుగా?"

"చెబితే ఆయన పడ్డ బాధ వృథా అయిపోదూ? కళ్లు ఆనడంలేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. నిజంగా. నా మూలాన మానేశాడని ఇప్పుడు నీ మెడ చూస్తే తెలిసింది."

నేను కుళాయి కట్టేసి గోడకి ఆనుకుని ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పుకోవడానికి. ఆమె మాత్రం ఏడవలేదు. కప్పులన్నీ తుడిచి వరసగా బోర్లించింది.

అక్టోబరు శనివారం ఎల్సీ ఏప్రన్ విప్పి హాల్లోకి వెళ్లి, నేరుగా హెర్బర్ట్ కుర్చీలో కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి అంబ్రోజ్ ముందు విప్పింది. లోపల మసిబారిన పతకం, మా టౌన్‌హాలు బొమ్మతో. పెట్టెలో పెట్టడానికి నామోషీ పడి హెర్బర్ట్ దీన్ని ఆమె కుట్టుమిషను సొరుగులో, దారపుకండెల కింద దాచాడని చెప్పింది.

"పెర్సీని అడుగు," అన్నాడు అంబ్రోజ్, తల తిప్పకుండా.

"నేను నిన్ను అడుగుతున్నాను. దీన్ని నేను తోమలేదు అంబ్రోజ్. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆయన మెల్లగా తలెత్తి ఆమెని చూశాడు. పతకాన్ని కాదు, ఆమెని. ఆమె కళ్లు దించుకోలేదు. ఆమెకి అంతా తెలుసునని ఆయనకి అప్పుడర్థమైంది. మిగతావాళ్లకీ అర్థమైంది. పెర్సీ జేబులోంచి భూతద్దం తీసి బల్ల మీదుగా జరిపాడు.

అంబ్రోజ్ చాలాసేపు చూశాడు. అంచు వేలితో తడిమాడు, ఉన్ని తడిమినట్టే.

"నకలు," అన్నాడు. "అక్షరాల చుట్టూ పోతపోసినప్పుడు పడ్డ గుంటలున్నాయి. అప్పుడూ ఇదే చెప్పాను."

"చెప్పావులే. రెండేళ్లు మా ఇంట్లో నిన్ను తిట్టకుండా అన్నం ముద్ద దిగలేదు."

"అన్యాయంగా తిట్టాడు."

"అది కూడా తెలుసు ఆయనకి," అంది ఎల్సీ. "కాగితం మీద రాసి సంతకం పెట్టు."

ఆయన రాశాడు. ఎల్సీ ఆ కాగితాన్ని మడిచి, పతకంతో కలిపి గుడ్డలో చుట్టుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుంది. పెర్సీ తన ముందున్న పతకాల పళ్లాన్ని అంబ్రోజ్ వైపు తోశాడు. ఆయన దాన్ని వెనక్కి నెట్టలేదు. మొదటి పతకం తీసి, వెలుతురు కోసం కిటికీ వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"పెర్సీ, దీన్ని బ్రహ్మాండం అన్నది నువ్వేనా?" అన్నాడు.