అన్నయ్య రాసిన అమ్మ

మా అన్నయ్య లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. లారీ కాటా ఎక్కాలి, అన్నయ్య బరువు చూసి చీటీ రాసివ్వాలి, లారీ దిగిపోవాలి. అంతే ఉద్యోగం. ఒక లారీకీ ఇంకో లారీకీ మధ్య ఖాళీలో కథలు చదివేవాడు. చదివి ఊరుకుంటే బాగుండేది. పాత చీటీల వెనకవైపు ఆ కథల్ని పొల్లుపోకుండా ఎత్తి రాసేవాడు. ఎప్పుడు చూసినా తల వంచుకుని రాస్తూనే ఉంటాడని డ్రైవర్లు చిత్రగుప్తుడని పేరు పెట్టారు.

"అచ్చులో ఉన్నదాన్ని మళ్ళీ రాయడమేంటి, నీకేమైనా పిచ్చా?" అని ఓసారి అడిగేశాను.

"చదివితే కథ తెలుస్తుందే. రాస్తే ఎలా కట్టారో తెలుస్తుంది. నువ్వు కుట్టు నేర్చుకునేటప్పుడు పాత చొక్కాలు విప్పి చూడలేదూ?"

బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికేదాన్ని, ఆ మాట ఒప్పుకోక తప్పలేదు.

ఎత్తి రాయడంతో అయిపోయేది కాదు. పుస్తకం మూసేసి అదే కథను గుర్తున్నంత మేర మళ్ళీ రాసేవాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, అసలు రచయిత ఒక్క వాక్యంతో సరిపెట్టిన చోట తను నాలుగు రాశానని తెలిస్తే, ఇక ఆ రోజంతా అన్నం సయించేది కాదు. మనిషి ఏడ్చాడని రాయకూడదట. ఏడ్చాక ముఖం దేనితో తుడుచుకున్నాడో రాయాలట. ఏడిస్తే ఏడ్చాడని రాస్తే ఏం కొంప మునుగుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. వదినకైతే ఆ చీటీల కట్టలంటే ఒళ్ళు మంట. ఇల్లు ఊడ్చినప్పుడల్లా సణిగేది.

ఈ తంటా అంతా ఒక్క కథ కోసమని నాకు మాత్రమే తెలుసు. అమ్మ కథ.

అమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పనిలో ఉండేది. అన్నయ్య బడిలో చేరిన ఏడాది పోయింది. నాకప్పటికి మాటలు కూడా సరిగా రావు. మమ్మల్ని పెంచిన పిన్ని గతం గురించి నోరు విప్పే మనిషి కాదు, ఆవిడా పోయింది. మిగిలింది గుర్తింపు కార్డు మీది ఫొటో, అదీ మెడ వరకే. కాబట్టి అమ్మంటే నాకు అన్నయ్య చెప్పిందే. తను పోతే అదీ పోతుందని భయం, అందుకే రాయమని నేనే వెంటపడ్డాను. రాయడం, చింపడం, మళ్ళీ రాయడం. తల నెరిశాక గానీ కథ పూర్తి కాలేదు.

పూర్తయిన రోజు కాగితాలు నా చేతిలో పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. అందులో అమ్మ పని నుంచి వచ్చి, అరచేతులు గరుకుగా ఉంటాయని, పిల్లల బుగ్గల్ని చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో నిమురుతుంది. అంతవరకూ అన్నయ్య ఆ సంగతి నాకు చెప్పనేలేదు. అయినా చదవగానే ఆ వేళ్ళు నా బుగ్గకు తగిలాయి. భోరుమన్నాను.

"నాకు గుర్తుందన్నయ్యా! ఇది నాకూ గుర్తుంది!" అన్నాను.

అన్నయ్య మొహం వెలిగిపోయింది. కథ పత్రికకు పంపితే, వాళ్ళు ఫోన్ చేసి వచ్చే నెల వేస్తామన్నారు. సణిగే వదినే వీధంతా చెప్పుకొచ్చింది.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అన్నయ్య అలమర ముందు నేల మీద కూలబడి ఉన్నాడు. కథ అచ్చవుతున్న సంబరంలో, తనకు రాయడం నేర్పిన పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేస్తున్నాడట. అట్ట, మొదటి పేజీలు ఊడిపోయిన ఒకదాన్ని నాకిచ్చి, వేలితో చూపించాడు.

ఇటుకల బట్టీలో పనిచేసే ఒక తల్లి. ఇంటికొచ్చి, అరచేతులు గరుకని, పిల్లల బుగ్గల్ని చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో నిమురుతుంది. మాటలు కూడా ఇంచుమించు అవే.

"కాటాలో చేరిన కొత్తల్లో ఎత్తి రాశాను. ఒట్టు, అమ్మదే అనుకున్నానే. కళ్ళారా చూశాననుకున్నాను," అన్నాడు.

వదిన వంటింట్లోంచి వచ్చింది. "రాసినవాడెవడో దేవుడికే తెలియాలి. మీరు నోరు మెదపకపోతే ఎవరికి తెలుస్తుందండీ?"

నేనూ వదిన పక్షమే. "పోనీ ఆ ముక్క తీసేసి ఇవ్వు. దానికింత రాద్ధాంతమా?" అని కసిరాను.

"తీసేస్తే అందులో అమ్మెక్కడుంది?"

అప్పటికప్పుడు పత్రికకు ఫోన్ చేశాడు. "ఆ కథ నాది కాదండీ, వెయ్యకండి," అని పెట్టేశాడు. వదిన విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "నీకేమైనా గుర్తుందా? నేను చెప్పినవి కాకుండా, నీ అంతట నీకు?"

ఎంత తవ్వుకున్నా ఏమీ రాలేదు.

"తడి దుప్పట్ల వాసన?"

"నువ్వు చెప్పిందే కదా."

"నడుస్తూ నడుస్తూ పాడుకోవడం?"

"అదీ నువ్వే చెప్పావు."

"అవి కూడా చూశానో, ఎక్కడైనా చదివానో..." అన్నాడు. అన్నయ్య మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. వీపు మీద నాలుగు బాదాలనిపించింది. అంతలోనే జాలేసింది. నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు తనే, నాకు మొదటి నుంచీ ఏమీ లేదు.

అన్నయ్య ఇంకా కాటాలోనే ఉన్నాడు. చదవడం మానేశాడు. లారీకీ లారీకీ మధ్య రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. కలిసినప్పుడు బియ్యం ధరలూ మోకాళ్ళ నొప్పులూ మాట్లాడుకుంటాం. అమ్మ ఊసు ఇద్దరం ఎత్తం.

కానీ నాకు ఒంట్లో బాగోనప్పుడల్లా ఆ వేళ్ళు వచ్చి బుగ్గను నిమురుతాయి. అవి మా అమ్మవి కావని తెలుసు, ఇటుకలు మోసిన ఎవరో తల్లివి. అయినా తోసెయ్యలేను. కళ్ళు మూసుకుని, బుగ్గ ఇంకాస్త దగ్గరికి జరుపుతాను.