తొమ్మిదో రూలు కింద ఖాళీ

పోయినవి లెక్కపెడతాను. అరవై నాలుగు పేక ముక్కలు. ఏడాదికి యాభై రెండు చొప్పున ఆదివారం మధ్యాహ్నాలు. ఒక స్నేహితుడు. అతని మంచి పేరు. ఇరవై ఆరేళ్లుగా ఈ నాలుగో దాని దగ్గరే ఆగిపోతున్నాను. మీకు చెబితే కదులుతానేమో.

బండి వెళ్లిపోయాక మాచర్ల స్టేషన్ ఖాళీ. చివరి బెంచీ మా నలుగురిది. ప్రెస్సులో పనిచేసే శీను, మిగిలిన శుభలేఖల అట్టలు కత్తిరించి, బొమ్మలు గీసి, తానే ఒక ఆట తయారుచేశాడు. మాంత్రికుడు, రెక్కల గుర్రం, రాక్షసి. ఆడి లేచేసరికి వేళ్లకు అంచుల బంగారు పొడి అంటుకునేది. గాలికి ఎగరకుండా ముక్కలు ఒళ్లో తువ్వాలు కింద దాచుకునేవాళ్లం.

ఆట రూళ్లు ఒక బుక్కులో రాసేది నేను. మిర్చి కాటా దగ్గర నోటిలెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అంకెల్లో నా మాటకు ఎదురుండేది కాదు.

తొమ్మిదో రూలు: బోర్లా వేసిన ముక్క పేరు అబద్ధం చెప్పవచ్చు. మరి ఎన్ని ముక్కలున్నాయని అడిగితే? శీను ఒకరోజు నన్నొక్కణ్ణే అడిగాడు. అదీ బొంకవచ్చు అన్నాను. ఆదివారం రాస్తానన్నాను. రాయలేదు.

తర్వాతి ఆదివారం ఆటలో చివరికి శీనూ నేనూ మిగిలాం, మిగతా ఇద్దరూ చూస్తున్నారు. వందకు ఆట. అతనికి ఎనభై ఎనిమిది. నా దగ్గర రాక్షసి ఉంది. దాన్ని పడగొట్టాలంటే రెండు ముక్కలు కావాలి.

"ఎన్నున్నయ్‌రా?" అన్నాను.

"ఒకటే మావా."

రాక్షసిని దించాను. శీను నవ్వుతూ తువ్వాలు కింద నుంచి రెండు తీసి పరిచాడు. పన్నెండు పాయింట్లు. సరిగ్గా వంద.

"తొండి!" అన్నాను.

"తొండేంది? బొంకొచ్చని నువ్వే అంటివి గదా!"

"నేనెప్పుడన్నానురా? బుక్కులో ఉంటే చూపియ్."

బుక్కులో లేదు. చూస్తున్న ఇద్దరిలో ఒకడు పగలబడి నవ్వాడు. "ప్రెస్సోడు గదా, రూళ్లు గూడా ఇంటికాడే అచ్చేసుకొస్తాడు! ఒరేయ్ తొండి శీనూ!"

శీను బుక్కు చూడలేదు. నన్నే చూశాడు. నేను పెన్సిల్ చూసుకుంటూ పన్నెండు కొట్టేసి, అబద్ధానికి జరిమానా అని మరో ఐదు తీశాను. శీను ముక్కలన్నీ ఏరుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ పేరు ఊళ్లో ఉండిపోయింది.

ఎందుకలా అన్నాను? ఓటమికి భయపడ్డానా? అంతకుముందు ఎన్నిసార్లు ఓడలేదు! అందరూ నమ్మే లెక్కగాణ్ణి, ఎదుటివాడి ఒళ్లో రెండు ముక్కలు లెక్కపెట్టలేకపోయానని నలుగురికీ తెలిసిపోతుందనే అనుకుంటాను.

పోయిన నెల అతని ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. రోడ్డు మీద ఎవరో ఆ పేరుతోనే కేకేశారు. ఆ పేరెందుకొచ్చిందని వాళ్లమ్మాయి అడిగింది. రూలు తనకే సరిగ్గా అర్థం కాలేదని చెప్పాడు శీను, తలెత్తకుండా. నేను ఎదురుగానే ఉన్నాను. ఫ్లెక్సీ రేటెంతని అడిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి, తొమ్మిదో రూలు కింద ఖాళీలో ఆ రోజు చెప్పిన మాట ఇప్పుడు రాశాను. అతనికింకా చూపించలేదు. మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. కొట్టేసినవి పన్నెండు, జరిమానా ఐదు. శీనుకు నా బాకీ పదిహేడు పాయింట్లు.