ఇరవై రెండేళ్ళు ఎక్కువ బతికినవాళ్ళు

ప్స్యోల్ నది ఒడ్డున కృతీ యార్ ఊళ్ళో తెక్లా నోటికి జడవనివాడు లేడు. బీట్‌దుంపలు తవ్వీ తవ్వీ ఆమె చేతులు చెక్కబారిపోయాయి గానీ నోరు మాత్రం ఏనాడూ అలిసిపోలేదు. ఒక్క సంగతిలోనే ఆ నోరు పదేళ్ళపాటు మూతబడి ఉంది.

ఆ ఊళ్ళో పెళ్ళికూతురి మెడలో పగడాల మధ్య వెండి నాణెం వేలాడాలి. దుకాచ్ అంటారు దాన్ని. తల్లి నుంచి కూతురికి వస్తుంది. తెక్లాకి రాలేదు. పంతొమ్మిది వందల ముప్పై మూడు కరువులో, ఊరు ఆకలితో చచ్చిపోతున్నప్పుడు, తల్లి దాన్ని తెంపి ఇచ్చేసి కాసింత పిండి తెచ్చి పిల్లని బతికించుకుంది. తెక్లా బోసిమెడతోనే పెళ్ళి చేసుకుంది.

అందుకే పాతకోట దిబ్బ పక్క చేలో ఆమె పార తగిలి, బూడిదలో ఉన్న కుండ పగిలి, అరబ్బీ రాత ఉన్న వెండి నాణేలు బయటపడ్డ రోజున, తోటి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చేలోపు ఒకటి జేబులో వేసుకుంది. ఏరి మరీ తీసుకుంది, అన్నిట్లోకీ కొత్తగా మెరుస్తున్నదాన్ని. అది ఇంకో నాణేనికి అతుక్కుపోయి ఉంటే దుంపల కత్తితో విడగొట్టింది. మిగతావన్నీ సర్కారుకి చేరాయి. పట్నంలో ఒక కంసాలి దాచిన నాణేనికి కొక్కెం అతికాడు. పదేళ్ళు గడిచాయి. ఈ ఆదివారం కూతురు ఓరీసియా పెళ్ళి.

గురువారం ఊరి క్లబ్బులో ఉపన్యాసం. ఆ కుండ మీద పుస్తకం రాసిన మ్యూజియం పండితుడు గ్లెబ్ మార్కొవిచ్ నాణేలు బల్ల మీద పరిచాడు.

"చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది. అరగనిదే కొత్తది. ఇదిగో, వీటిలో అన్నిటికన్నా కొత్తది ఇదే. ఎనిమిది వందల ఏడో సంవత్సరం. ఆ తర్వాతి నాణెం ఒక్కటీ లేదు. అంటే అప్పుడే కోట తగలబడింది. ఆ కోటలో బతికిన తొలి స్లావుల కథ అక్కడితో సరి."

తెక్లా ఆ నాణెం వంక చూసింది. తన పెట్టెలో ఉన్నదాని పక్కన పెడితే అది ముసలిది. అందమైనది ఏరుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఏరుకున్నది ఆ మనుషుల ఆఖరి రోజుల్ని.

నోరు మూసుకుంటే పెళ్ళి హాయిగా జరిగిపోతుంది. తెరిస్తే నిధి దాచిన నేరం, కూతురికీ బోసిమెడ. ఇంటికెళ్ళి వచ్చింది. నేరుగా బల్ల ముందుకి నడిచింది.

"అయ్యా, మీరు వాళ్ళని ముందే చంపేశారు."

జనం నవ్వారు. "కూర్చోవే తెక్లా! పొద్దున్నే పట్టించావా?" అన్నాడు చైర్మన్ దెమీద్.

"నువ్వు మిగిలిస్తే కదా దెమీదూ, నేను పట్టించడానికి!" అని, నాణెం బల్ల మీద పెట్టింది. "ఇదీ ఆ కుండలోదే."

గ్లెబ్ మార్కొవిచ్ మొహం చిట్లించాడు. "మెడలో వేసుకునేది ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికి తెలుసమ్మా?"

"మీ వాటిలో ఒకదాని అంచున కత్తిగాటు ఉంటుంది. వెతకండి. ఆ కత్తి నాదే."

వెతికాడు. దొరికింది. రెండిటినీ జత చేస్తే గాటు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గీత గీసినట్టు సాగింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎనిమిది వందల ఇరవై తొమ్మిది," అన్నాడు, గొంతు తగ్గించి.

"చూశారా! అప్పటిదాకా ఎవరో ఒకరు బతికుంటేనే కదా అది కుండలో పడింది? ఆ ఇరవై రెండేళ్ళలో అక్కడ ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయో, ఎంతమంది పుట్టారో! మీరు ఒక్క ముక్కలో లేరని రాసేశారు. ముప్పై మూడులో మా వీధి వీధంతా పోయింది. అదీ ఏ పుస్తకంలోనూ లేదు."

ఆ కరువు మాట సర్కారు ఎవర్నీ ఎత్తనివ్వదు. దెమీద్ గబగబా వెళ్ళి క్లబ్బు తలుపు మూశాడు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? దాచినందుకే నిన్ను లోపలేస్తారు!"

"వెయ్యమను. సోమవారం. ఆదివారం నాకు పనుంది." నాణెం తీసి గుప్పిట్లో బిగించింది. "మీరు సంవత్సరం రాసుకున్నారుగా అయ్యా? వస్తువు సోమవారం తెస్తాను."

గ్లెబ్ మార్కొవిచ్ తన పుస్తకం తెరిచాడు. అందరూ చూస్తుండగా ఆ 'ఏడు'ని అడ్డంగా కొట్టేశాడు.

ఆదివారం ఓరీసియా మెడలో దుకాచ్ మెరిసింది. సోమవారం తెక్లా బస్సెక్కి మ్యూజియానికి వెళ్ళింది. పోలీసులెవరూ లేరు. గ్లెబ్ మార్కొవిచ్ ఒక్కడే పటకారు పట్టుకుని, కొక్కెం ఊడదీద్దామని కూర్చున్నాడు.

"దాని మీద చెయ్యి వేశారంటే నాణెంతో సహా వెనక్కి పట్టుకుపోతా," అంది తెక్లా. "వాళ్ళ తర్వాత అది ఎవరి మెడలో ఉందో, అది కూడా రాయండి."

పటకారు పక్కన పెట్టి ఆయన పేరడిగాడు. పిండి కోసం తన దుకాచ్ తెంపి ఇచ్చేసిన తల్లి పేరుతో మొదలుపెట్టి చెప్పింది.