పొడపత్రి నమిలిన నోరు

మా గుడివాడ ఇంటి పెరట్లో గోడ మీదికి పొడపత్రి తీగ పాకి ఉండేది. నాన్నగారికి షుగరు వచ్చిందని తెలిసిన ఏడాది, నాగాయలంక నుంచి తెలిసినాయనెవరో కొమ్మ తెచ్చిచ్చారు. దాని ఆకులు రెండు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసక తిన్నట్టుంటుంది. గంటసేపు నాలుకకి తీపన్నదే తెలియదు. మా నాన్నగారికి మిఠాయి కనబడితే కాళ్ళు కదలవు. అందుకని పొద్దున్నే పరగడుపున ఒకసారి, ఎవరింటికైనా భోజనానికి వెళ్తే కంచం ముందు కూర్చోబోతూ ఇంకోసారి ఆ ఆకు నమిలేవారు. "చైనా వాళ్ళు కూడా దీన్ని మందుల్లో వాడతారటమ్మా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు, చైనా వాళ్ళు తనకే కబురు చేసినంత ధీమాగా.

పెళ్ళై నేను బందరు వచ్చేశాను. అప్పటికే అమ్మ లేదు. కడుపుతో ఉన్న కూతురికి ఐదో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి ఒళ్ళో పెట్టాలి, వీధిలో ముత్తయిదువలకి పంచాలి. కడుపు చలవ అంటారు. అది తల్లి చెయ్యాల్సిన పని, తల్లి లేకపోతే పిన్ని. పామిడిముక్కలలో ఉన్న మా పిన్ని చేస్తానంది కానీ, సరిగ్గా ఆ వారమే వాళ్ళకి మైల వచ్చింది. రోజు మార్చమని వియ్యాలవారిని అడగడానికి నాన్నగారికి మనసొప్పలేదు. "మీ అమ్మ చేస్తుంటే ఇన్నేళ్ళు చూశాను. పిండీ బెల్లమూ కలపడానికి నా చదువు చాలదంటావా?" అన్నారు ఫోన్లో. నేను మురిసిపోయాను కూడా.

ఇత్తడి గిన్నెకి కొత్త తువ్వాలు వాసెన కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. చొక్కా మీద బెల్లం మరక. మా అత్తగారు తువ్వాలు విప్పి ఒక్క క్షణం ఆగిపోయారు. చలిమిడంటే ముద్ద కట్టాలి. ఇది గరిటె జారుగా ఉంది. తమలపాకుల్లో పెడుతుంటే అంచుల్లోంచి కారి చాప మీద పడింది. ఎదురింటావిడ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆ పక్కావిడ మంచినీళ్ళు అడిగింది.

"పిండిలో పాకం పోశారా, పాకంలో పిండి చల్లారా?" అన్నారు ఎవరో. కిసుక్కున నవ్వులు.

"ఆడదిక్కు లేని ఇల్లు కదండీ, పోనీండి" అంది ఇంకొకావిడ, గొంతు తగ్గించాననుకుని.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒళ్ళో పెట్టిన చలిమిడి పట్టుచీరలోకి ఇంకుతోంది. తల ఎత్తితే ఎవరి కళ్ళు చూడాల్సొస్తుందోనని కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చున్నాను. ఇంతలో నాన్నగారు గుమ్మంలోకి వచ్చి, చేతులు కట్టుకుని, "తీపి సరిపోయిందా అమ్మా?" అని అందరినీ కలిపి అడిగారు.

"సరిపోయింది అన్నయ్యగారూ. ఎంతో శ్రద్ధగా చేశారు" అన్నారు మా అత్తగారు. ఆవిడ మామూలుగా ఎవరినీ వదిలిపెట్టే మనిషి కాదు. ఏదో ఒకటి అని ఉంటే కోపమన్నా తెచ్చుకునేదాన్ని. ఆ మంచితనానికి ఇంకా కుంచించుకుపోయాను.

అందరూ వెళ్ళాక భోజనానికి లేస్తూ, నాన్నగారు జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆకు నోట్లో వేసుకున్నారు. అప్పుడు వెలిగింది నాకు. పొద్దున పరగడుపున అదే ఆకు నమిలి, ఆ నోటితోనే పాకం రుచి చూసుకున్నారు. తీపి తగల్లేదని బెల్లం వేశారు. మళ్ళీ చూసుకున్నారు, మళ్ళీ వేశారు. అమ్మ ఉంటే ఆయన చేతిలో గరిటె లాక్కునేది. నాకు నవ్వు రాలేదు. సిగ్గూ పోలేదు, దానికి తోడు జాలి కూడా వచ్చి చేరింది. ఈ సంగతి ఆయనకి మాత్రం తెలియకూడదు, అంతే.

భోజనం కాగానే బయల్దేరారు. ఖాళీ గిన్నె పంపకూడదని అత్తగారు మిగిలిన చలిమిడే కాస్త అందులో ఉంచి మూత పెడుతున్నారు.

"తమలపాకులూ వక్కలూ పెడదాం అత్తయ్యా. ఆయనకి షుగరు కదా!"

"శకునానికి వేలితో నాకుతారు. దానికేమవుతుందే?" అన్నారావిడ.

గిన్నె ఎలాగైనా తీసుకుందామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన అప్పటికే చంకన పెట్టుకుని రిక్షా ఎక్కేశారు. ఆకు ప్రభావం గంట. గుడివాడ బస్సు అంతకన్నా ఎక్కువసేపే పడుతుంది.

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు.

"అందరూ తిన్నారామ్మా?"

"తిన్నారు నాన్నగారూ."

"మొత్తం తిన్నారా?"

"ఆకులో ఏమీ మిగల్చలేదు."

"అయ్యో పాపం" అన్నారు. "ఏడో నెలకి మీ పిన్ని వస్తుందిలే" అన్నారు తర్వాత.

"అదేంటండీ, మీరే రండి. ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు ఎవరికీ తెలియనే లేదు."

"తీపి సంగతి నాకూ బస్సెక్కాకే తెలిసింది తల్లీ. ఏదో పాడుచేశానని మాత్రం అక్కడే తెలిసింది."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ అనలేదమ్మా. నీ మొహం చూశాను" అన్నారు.