మేనకోడలు ఇచ్చిన వాయిదా

కోర్టులో అందరూ ఆయన్ని పులి ప్లీడరు అంటారు. కేసు ఎంత చిన్నదైనా సరే, గొంతు పైకప్పుకు తగలాల్సిందే. మేనకోడలు నల్లకోటు తొడుక్కుని జూనియరుగా చేరిన రోజు ఆయన చెప్పిన పాఠం ఇంతే: "అవతలి వకీలుకి నవ్వు ఇవ్వకు. వాయిదా అసలే ఇవ్వకు."

ఆ పిల్ల తలూపింది గానీ వినే రకమా! ఎప్పుడూ ఎదురుపక్షాన వచ్చే నెమ్మది వకీలుకి నమస్కారం పెట్టేది, చూపించాల్సిన కాగితాలు ముందే చూపించేది. ఆయనా "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించేవాడు. ఇన్నేళ్ళలో పులిగారిని ఒక్కసారైనా అలా అడిగాడా? పులిగారికి కళ్ళు కుట్టాయి. అసూయే, దానికి ఇంకో పేరెందుకు!

ఒకరోజు పొద్దున్నే ఆఫీసులో ఫోను మోగింది. ఎత్తింది పులిగారే.

"అమ్మాయి ఉందాండీ?" అన్నాడు నెమ్మది వకీలు.

మేనకోడలు మాట్లాడి ఫోను పెట్టేసింది. "మామయ్యా, ఆయన భార్యని ఆస్పత్రిలో చేర్చారట. ఇవాళ రాలేరు. వాయిదాకి మనం అడ్డు చెప్పబోమని మాటిచ్చాను."

బయట బోర్డు మీద తన పేరుండగా, ఆ వకీలు పిల్లని అడగడమేమిటి? పులిగారు పైకి "సరేలే" అన్నాడు. పిల్లని వేరే పని మీద పంపి, తనే కోర్టుకి వెళ్ళాడు.

అవతలి కక్షిదారు ఒక్కడే నిలబడ్డాడు. "మా వకీలుగారు రాలేకపోయారండీ. వీళ్ళు వాయిదాకి ఒప్పుకున్నారట."

"ఎవరూ ఒప్పుకోలేదండీ!" గర్జించాడు పులి.

తీర్పు అక్కడికక్కడే ఆయన వైపు వచ్చింది. సాయంత్రం మేనకోడలు అడిగింది: "కేసు మనదే మామయ్యా. మరి నా మాట?"

"నా ఆఫీసులో నీకు వేరే మాటేమిటే?"

పిల్ల ఏడవలేదు, పోట్లాడలేదు. కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

నెమ్మది వకీలు అర్జీ పెట్టి ఆ కేసుని మళ్ళీ తెరిపించాడు. విచారణ రోజున పులిగారికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఎదురుగా నెమ్మది వకీలు పక్కన మేనకోడలు! చేజేతులా చేసుకున్నదే అయినా, ఆయన ఒళ్ళు భగ్గుమంది. లేచి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

మేనకోడలు లేచింది. "సీనియరుగారికి ఒంట్లో బాగోలేదండీ. వాయిదా ఇవ్వండి. మాకు అభ్యంతరం లేదు."

జడ్జిగారు తేదీ వేసి నవ్వారు. "మంచి పద్ధతమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

పులిగారు చెవులు రిక్కించాడు. పిల్ల ఎంతైనా సొంత చెల్లెలి కూతురు.

మేనకోడలు నెమ్మది వకీలు వైపు చూసి, "వీరి దగ్గరేనండీ" అంది.