వెంకటరావమ్మ వెయ్యని వేలిముద్ర

మార్టూరు దగ్గర మా ఊళ్లో వెంకటరావమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. యాభై రెండేళ్ల వయసులో మనవరాలు భవ్య పలక మీద దిద్దిస్తే తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ తర్వాత బ్యాంకులో ఎవరైనా సిరా డబ్బా ముందుకు జరిపితే పక్కకి తోసేసి పెన్ను అడిగేది.

నిరుడు వేసవిలో కుళాయి పన్ను రెట్టింపయిందని ఇంటింటికీ నోటీసులొచ్చాయి. గ్రామసభ ఏకగ్రీవంగా ఆమోదించిందని అందులో ఉంది. ఆ సభ ఎప్పుడు జరిగిందో ఊళ్లో ఎవరికీ తెలీదు. వెంకటరావమ్మ పంచాయతీ ఆఫీసుకెళ్లి తీర్మానాల పుస్తకం చూపించమంది. కార్యదర్శి శ్రీకృష్ణ రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే సర్పంచ్ గారు లేరన్నాడు. మూడో రోజు ఆవిడ కూలి మానుకుని, భవ్యని వెంటబెట్టుకొచ్చి గుమ్మంలో కూర్చుంది. సాయంత్రానికి అతను విసుగెత్తి పుస్తకం తీసి బల్ల మీద పడేశాడు.

భవ్య వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. అమ్మమ్మ పేరు ఎదురుగా వేలిముద్ర ఉంది.

వెంకటరావమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇదెవరి వేలని అడిగింది. ఎవరిదైతే ఏంటి, పన్ను ఊరందరికీ పెరిగిందిగా అన్నాడు శ్రీకృష్ణ.

“పన్ను సంగతి తర్వాత. నా పేరు మీద సరేనన్నది ఎవరో చెప్పండి,” అంది.

అతను పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టేశాడు. ఆవిడ సోమవారం మండలాఫీసులో అర్జీ ఇచ్చింది. తోటి కూలీలు నలభై మంది సంతకాలు పెట్టారు. ఆ వారమే సర్పంచ్ సీతారామాంజనేయులు మనిషిని పంపించాడు. అర్జీ వెనక్కి తీసుకుంటే ఆవిడ ఇంటికి పన్ను మాఫీ చేస్తాడట. దొంగతనంలో నాకూ వాటా ఇస్తానంటున్నాడా అని తిట్టి పంపేసింది.

మండలం అధికారి విచారించి ఆ తీర్మానం రద్దు చేశాడు. సభ మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి రెండు రోజుల ముందే దండోరా వేశారు. బడి ఆవరణ నిండిపోయింది. మోటారు రెండుసార్లు కాలిపోయిందనీ, పైపులు మార్చాలనీ సర్పంచ్ చెప్పాడు. ఆ మాట జనం వినడం అదే మొదలు. పన్ను పెంచడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు.

వెంకటరావమ్మ చెయ్యెత్తింది. పక్కనున్న సాజిదా కంగారుగా ఆ చెయ్యి కిందికి లాగబోయింది.

“ఇదేంటి పిన్నీ, ఇంత గొడవా చేసింది నువ్వేగా?”

“నీళ్లు కావాలంటే ఇవ్వాలి. నన్ను అడిగితే ఇస్తాననే మొదట్నుంచీ అంటున్నా.”

ఎత్తిన చేతులు అరవై ఒకటి. వద్దన్నవి నూట నలభై. పెంపు వీగిపోయింది.

శ్రీకృష్ణని వేరే ఊరికి బదిలీ చేశారు, అంతే. తప్పయిందని ఆవిడతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఆవిడ గొంతు లేస్తుంది. కుళాయి రాని రోజున సర్పంచ్ మనుషులు, వద్దన్నది మీరేగా, అనుభవించండి అని దెప్పుతారు.

“వద్దన్నాం. కావాలంటే మళ్లీ సభ పెట్టి అడగండి,” అంటుంది ఆవిడ బిందె చంకనెత్తుకుంటూ.